కొక్కెం ఉన్న కేబుల్

మా వంటింటి వెనుక గిన్నెలు తోమే యుటిలిటీలో, నేల మీది జాలీలోంచి పై అంతస్తుల వాళ్ల సాంబారు తేలడం మొదలైన వారంలోనే, కనకమ్మను గేటు దగ్గర ఆపేశారు.

ఆ రెండింటికీ సంబంధం ఉందని తేల్చినది మా అసోసియేషన్ కమిటీ. ఎలా తేల్చారని ఎవరూ అడగలేదు. కోకాపేటలోని ఈ ఎత్తైన భవనంలో నేను మొదటి అంతస్తులో ఉంటాను. మా వరుసలోని వంటిళ్ల నీళ్లన్నీ ఒకే నిలువు గొట్టంలో కలిసి, బేస్‌మెంటు కప్పు కింద మలుపు తిరిగి, అక్కడి నుంచి అడ్డంగా బయటికి పోతాయి. ఆ మలుపు దాటిన తరువాత ఎక్కడో అడ్డు పడింది. కిందికి దారి లేని నీరు అందరికన్నా కింద ఉన్న ఇంట్లోంచి, అనగా నా ఇంట్లోంచి, పైకి వస్తోంది. ఇందులో అర్థం కాని విషయం ఏమీ లేదు.

ఆ ఉదయం నేను తుడుపు గుడ్డతో ఆ నీటిని బకెట్లోకి పిండుతూ ఉండగా కాపలాదారు ఐలయ్య ఇంటర్‌కంలో పిలిచాడు.

"అమ్మా, కనకమ్మ వచ్చింది. యాప్‌ల ఆమె పేరు ఎర్రగ చూపెడుతున్నది."

"ఎర్రగా అంటే?"

"బంద్ జేసిన్రన్నట్టు. నేను లోపటికి ఇడిస్తె నా నౌకరి పోతది. జర మీరే కమిటీ సార్లతోని మాట్లాడుండ్రి."

వెనుక నుంచి కనకమ్మ గొంతు వినబడింది. "ఏమైందని బంద్ జేసిన్రు? నిన్నటిదాంక పచ్చగనే ఉంటి గదనే! దొంగతనం జేసిన్నా ఏంది?"

కనకమ్మ నార్సింగి నుంచి వస్తుంది. నా ఇంటితో పాటు ఇదే వరుసలో మరికొన్ని ఇళ్లలో గిన్నెలు తోమి, ఇల్లు తుడుస్తుంది. ఆమె బతుకంతా ఈ ఒక్క గేటు లోపలే ఉంది. ఆ యాప్‌లో ఒక మనిషి పేరు ఎర్రబడితే ఒక ఇంటి తలుపు కాదు, అన్ని తలుపులూ ఒకేసారి మూసుకుంటాయి.

కారణం నివాసుల గ్రూపులో కనబడింది. కనకమ్మ బకెట్టూ, తుడుపు కర్రా పట్టుకొని లిఫ్టులోంచి దిగుతున్న ఫోటో, దాని కింద, "వంటింటి లైనులో గుడ్డలు, పీచు పారవేసి సమస్య సృష్టించిన పనిమనిషి. ఇకపై ప్రవేశం లేదు." బొటనవేలు పైకెత్తిన గుర్తులు ఆ మాటల కింద బారులు తీరాయి. బకెట్టు పట్టుకోవడం గిన్నెలు తోమే మనిషికి నేరమైతే, ల్యాప్‌టాప్ పట్టుకొని తిరిగే వాళ్లందరి ఫోటోలూ ఎక్కడ పెట్టాలో నాకు తెలియదు.

నేను కార్మిక శాఖలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. విచారణ లేకుండా తొలగింపు అన్న మాట వినీ వినీ నా చెవులు అరిగిపోయాయి. ఈ వయసులో, నా సొంత భవనంలో, సాంబారు నీళ్లలో నిలబడి మళ్లీ దాన్ని వినవలసి వస్తుందని అనుకోలేదు.

అధ్యక్షుడు సీతారామాంజనేయులు గారి ఇల్లు పై అంతస్తుల్లో ఉంది. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. తలుపు తీసిన ఆయన భార్య రత్నమాల చేతులకు మోచేతుల దాకా సబ్బు నురగ ఉంది.

"రండి లక్ష్మీదేవి గారూ. కనకమ్మ రాక గిన్నెలన్నీ నా మీద పడ్డాయండీ," అంది, తగ్గు గొంతుతో.

సీతారామాంజనేయులు గారు సోఫాలోంచి లేవకుండానే నమస్కారం పెట్టారు. "మీ ఇబ్బంది నాకు తెలుసండీ. చర్య తీసుకున్నాం. ఆ మనిషిని ఆపేశాం."

"మనిషిని ఆపారు. నీరు ఆగలేదు."

"అదీ చూస్తామండీ."

"గొట్టంలో గుడ్డ ఉందని ఎవరు చూశారు?"

"చూడాలాండీ? ఇలాంటి వాటిల్లో ఉండేది గుడ్డే. నేను ముప్ఫై ఏళ్లు కాలవల మీదే బతికాను."

"కాలవలో గుడ్డ ఉందని కాలవ కాపలా చూసే మీ లస్కరు చెబితే, చూడకుండానే రైతు మీద కేసు పెట్టేవారా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. జవాబు లేని వాళ్లందరూ కళ్లజోడు తుడుచుకోవడం నా సర్వీసంతా చూశాను. "ముందు లైను క్లియర్ చేయిద్దామండీ. తరువాత మాట్లాడుకుందాం," అన్నారు.

లైను క్లియర్ చేసే ప్రయత్నం ఆ మధ్యాహ్నమే మొదలయింది. అక్కడి నుంచే నా సహనానికి అసలైన పరీక్ష.

మొదట వచ్చినవాడు కమిటీ కార్యదర్శి శ్యామ్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇంటి నుంచే పని. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో కాగితపు సంచి.

"ఆంటీ, టెన్ మినిట్స్‌లో డెలివరీ అయింది! డ్రైన్ క్లీనింగ్ స్నేక్!"

సంచిలోంచి తీసినది మూరెడు ప్లాస్టిక్ బద్ద. అంచుల వెంట రంపపు పళ్లు. వాష్‌బేసిన్‌లో వెంట్రుకలు లాగడానికి పనికివచ్చే వస్తువు.

"శ్యామ్, అడ్డు బేస్‌మెంట్లో ఉంది. ఇది నా జాలీ కింది వంపు కూడా దాటదు."

"రివ్యూస్ సూపర్‌గా ఉన్నాయి ఆంటీ. ఫోర్ పాయింట్ సిక్స్." అతడు మోకాళ్ల మీద కూర్చొని బద్దను లోపలికి దూర్చాడు. అంతలో ఇయర్‌ఫోన్‌లో ఎవరో పిలిచినట్టున్నారు. "యెస్ యెస్, ఐ కెన్ హియర్ యూ," అంటూ లేవబోయాడు. బద్ద టప్పున విరిగింది. సగం అతని చేతిలో, సగం నా గొట్టంలో.

"సారీ ఆంటీ, క్లయింట్ కాల్," అని గొణిగి వెళ్లిపోయాడు.

తరువాత ప్లంబరు భాస్కర్ వచ్చాడు. అతని భుజం మీద చుట్టగా వేలాడుతున్నది సన్నని స్ప్రింగు తీగ. పెన్సిలంత లావు, లోపల బోలు, చివర చేత్తో తిప్పే పిడి.

"ఇంకే రకాలూ లేవా భాస్కర్?"

"స్ప్రింగంటె స్ప్రింగే గదమ్మా. అన్ని ఇండ్లల్ల గిదే పెడుత."

"వాష్‌బేసిన్ గొట్టం రెండు వేళ్ల వెడల్పు. ఈ జాలీ జానెడు గొట్టంలో కలుస్తుంది. రెండింటికీ ఒకటేనా?"

"ఫికర్ జెయ్యకుండ్రి. జూడుండ్రి ఎట్ల పోతదో."

నిజంగానే పోయింది. అతడు తిప్పుతూ తోస్తూ ఉంటే చుట్టంతా కరిగిపోతోంది. "పోతున్నదమ్మా, పోతున్నది! ఇగ బేస్‌మెంట్లకు ఎల్లినట్టే!" అని మురిసిపోయాడు. సరిగ్గా అప్పుడే నా పాదం పక్కన, అదే జాలీలోంచి, ఏదో ఇనుప ముక్కు పైకి తొంగి చూసింది. ఆ స్ప్రింగు కొసే. లోపల బోలుగా ఉన్న సన్నని తీగ వెడల్పాటి గొట్టంలో దారి దొరకక, అడ్డును తాకి, మడత పడి, వచ్చిన దారినే తిరిగి వచ్చింది.

భాస్కర్ ఆ కొసను చూశాడు. చేతిలోని పిడిని చూశాడు. "వాపస్ వచ్చిందేందిది?" అన్నాడు, ఆ తప్పు స్ప్రింగుదే అన్నట్టు.

సాయంత్రం గ్రూపులో అధ్యక్షుల వారి ప్రకటన వెలువడింది. ఆదివారం ఉదయం పెద్ద యంత్రం వస్తుంది. బొటనవేలికన్నా లావైన కేబుల్. దాని ముందు తిరిగే కత్తులు. రోడ్డు మీది మ్యాన్‌హోళ్లలో వేసేది. లోపల ఏమున్నా నుజ్జు నుజ్జు చేసి తోసేస్తుంది.

నేను వెంటనే ఫోను చేశాను. "సీతారామాంజనేయులు గారూ, ఆ లావు కేబుల్ వంటింటి గొట్టం మలుపులో తిరగదు. బలవంతం చేస్తే మలుపే పగులుతుంది."

"దానికీ ఉపాయం ఉందండీ. మలుపు దగ్గర బేస్‌మెంట్లో మూత ఉంది. అక్కడి నుంచి పెడతారు."

"మంచిదే. మరి నుజ్జు చేసిన తరువాత లోపల ఏముండేదో ఎలా తెలుస్తుంది?"

"తెలియడం దేనికండీ?"

"కనకమ్మ గుడ్డ వేసిందని మీరు నలుగురిలో ప్రకటించారు. ఆ గుడ్డ నాకు చూపించాలి."

"నుజ్జయిపోయాక ఎలా చూపిస్తామండీ?"

"నేను అడుగుతున్నదీ అదే."

ఆయన నిట్టూర్చారు. "లక్ష్మీదేవి గారూ, అందరికీ నీళ్లు పోవడం కావాలండీ. మీకు మాత్రం కోర్టు కావాలి."

"నాకు ముందు కోర్టు, తరువాత నీళ్లు. ఆదివారం దాకా నేనూ ఒక కేబుల్ తెస్తాను. ముందు నాది వెయ్యాలి. అది పని చేయకపోతే మీ కత్తులు తిప్పుకోండి."

ఆయన ఒప్పుకున్నారు. డెబ్బై దాటిన ఆడమనిషి కేబుల్ ఎక్కడ తెస్తుందిలే అని ఒప్పుకున్నారని గొంతులోనే తెలిసింది.

రెండు సాయంత్రాలు నేను ఆ విషయమే చదివాను. చదివిన కొద్దీ చిరాకు పెరిగింది, ఎందుకంటే విషయం ఏమంత కష్టం కాదు. గొట్టం ఎంత వెడల్పు, ఎన్ని మలుపులు, అడ్డు ఏమిటి: ఈ మూడూ తెలిస్తే కేబుల్ దానంతటదే తేలుతుంది. సన్నని గొట్టానికి సన్ననిది, వెడల్పు గొట్టానికి లావుది. మడత పడకూడదంటే చుట్టల నడుమ ఉక్కు తీగ నిండుగా ఉండాలి. చెట్టు వేళ్లకు కత్తి, గడ్డకట్టిన జిడ్డుకు గరిటె మొన. అడ్డు ఏమిటో తెలియనప్పుడు మాత్రం కత్తి పనికిరాదు. మొదట కొక్కెం పంపాలి; అది లోపల ఉన్న దానిని గుచ్చి, మెలి తిప్పి, పట్టుకొని బయటికి తెస్తుంది. నేను చదివిన కాన్వెంటులో సిస్టర్లు నిప్పు లేనిదే పొగ రాదనే సామెతను ఒప్పుకొనేవారు కాదు. "పొయ్యి దగ్గరికి వెళ్లి చూడు, తరువాత చెప్పు," అనేవారు. మా కమిటీలో ఎవరికీ ఆ సిస్టర్లు దొరకలేదు.

నార్సింగి కూడలి దగ్గర పోచయ్య హార్డ్‌వేర్ దుకాణం. గోడకు రకరకాల కేబుళ్లు చుట్టలుగా వేలాడుతున్నాయి.

"ఎంత పొడుగు గావాలమ్మా?" అన్నాడు పోచయ్య, తలెత్తకుండా.

"పొడవు తరువాత. రకం చూడాలి."

"రకమేముంది? గిది సింకుకు, గిది మోరీకి. కత్తి పెట్టించుకుండ్రి, కథం అయితది."

"కత్తి వద్దు. లోపల ఉన్నది ముక్కలు కాకుండా బయటికి రావాలి."

అప్పుడు తలెత్తాడు. "బంగారం గిట్ల పడ్డదా?"

"అంతకన్నా విలువైనది పోయింది. కొక్కెం ఉన్నది చూపించండి."

చిటికెన వేలి లావు, నడుమ ఉక్కు తీగ, చివర పంది తోకలా మెలి తిరిగిన కొక్కెం. దుమ్ము పట్టి అన్నింటికన్నా వెనుక వేలాడుతోంది. ఎవరూ అడగరట. అందరూ కత్తే అడుగుతారట. కిరాయికి తీసుకున్నాను. పోచయ్య దాన్ని సంచిలో కుక్కుతూ, "ఈ వయసుల మీకెందుకమ్మా పరేషాన్? మీ బిల్డింగుల ఇంకెవ్వలు లేరా?" అన్నాడు.

"ఉన్నారు. వాళ్లే పరేషాన్."

కేబుల్ దొరికింది. ఇంకొకటి మిగిలింది. నింద మోస్తున్న మనిషి విచారణ దగ్గర ఉండాలి. లేకపోతే అది విచారణ కాదు. కనకమ్మను పనిమనిషిగా రానివ్వరు. ఆదివారం ఉదయం నేను యాప్ తెరిచి, 'అతిథి' అన్న చోట ఆమె పేరు రాశాను. ఐలయ్య ఫోను చేశాడు.

"అమ్మా, కనకమ్మ మీకు చుట్టమని వచ్చింది?"

"అతిథి అని వచ్చింది. అతిథులను ఆపమని కమిటీ చెప్పిందా?"

"చెప్పలేదమ్మా." అతని గొంతులో నవ్వు వినబడింది. "ఓ కనకమ్మా, పా లోపటికి. జర చెప్పులు తుడుసుకో, చుట్టానివి గద!"

"నీ మొకం తుడుసుకో," అన్న జవాబు కూడా వినబడింది.

బేస్‌మెంటులో గొట్టం మూత కింద సీతారామాంజనేయులు గారి కొత్త ఎలక్ట్రిక్ కారు ఉంది. మలుపు దాకా నిండిన నీరు మూత తీయగానే దేని మీద పడుతుందో అందరికీ కనబడుతూనే ఉంది. ఆయన మాత్రం కారు చుట్టూ తిరుగుతూ, పైన ఏదైనా కప్పితే సరిపోతుందేమో అంటున్నారు. చార్జింగు పూర్తి కాలేదట.

రత్నమాల తాళం చెవితో దిగివచ్చింది. "తప్పుకోండి మీరు. వారం రోజులుగా అంట్లు తోముతున్నాను, మీ చార్జింగొకటి!" అని కారును తానే వెనక్కి తీసింది.

కత్తుల యంత్రం ఒక మూల సిద్ధంగా ఉంది. దాని పక్కన నా కేబుల్ పేదగా కనబడింది. భాస్కర్ దానిని చేతుల్లో తిప్పి చూశాడు. "ఈ ముక్కుతోని ఏమొస్తదమ్మా?"

"ఏమొస్తే అదే కావాలి. మెల్లగా మూత వదులు చెయ్యి. ముందు నీరు దిగనీ."

నీరు పీపాల్లోకి దిగింది. ఆ వాసనను వర్ణించను. శ్యామ్ చొక్కా అంచు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. కనకమ్మ స్తంభం పక్కన, కొంగు బిగించుకొని, ఎవరి వైపూ చూడకుండా నిలబడింది. నీరు తగ్గాక భాస్కర్ అడ్డపు గొట్టంలోకి కొక్కెం పంపాడు. కేబుల్ మడత పడలేదు. కొంత దూరం పోయి ఆగింది.

"తగిలిందమ్మా."

"నెట్టకు. తిప్పు. పట్టు దొరికాక లాగు."

తిప్పాడు. లాగాడు. మొదట బయటపడినది, భాస్కర్ స్ప్రింగు అక్కడిదాకా తోసిన, విరిగిన ప్లాస్టిక్ బద్ద.

"అది నాదే," అన్నాడు శ్యామ్, అనవసరంగా.

"గుడ్డ?" అని అడిగాను సీతారామాంజనేయులు గారిని.

"లోపల ఉంటుందండీ. ఇంకా ఉంటుంది."

రెండవసారి కొక్కెం బరువుగా వచ్చింది. దాని చుట్టూ గుండ్రంగా, తలకాయంత ముద్ద. భాస్కర్ దాన్ని బకెట్లో దించి, పైన కాస్త నీళ్లు చల్లాడు. జిడ్డు కిందికి జారింది. లోపల ఎర్రమట్టి. చేత్తో పిసికి పొయ్యి అలికేంత నున్నని బంకమన్ను. అందులో కుంకుమ అద్దిన పత్తి వస్త్రం చిక్కుకొని ఉంది, పక్కన జంధ్యం పోగు, చీపురు పుల్లకు చుట్టిన కాగితపు గొడుగు మొండెం. మట్టి నిండా పగిలిన గింజలు. ఒక్కొక్క గింజలోంచి సూది మొనంత తెల్లని మొలక.

మొదట రత్నమాల చెంపలు వేసుకుంది.

"అయ్యో స్వామీ! మన వినాయకుడండీ!"

మొన్నటి వినాయక చవితికి కమిటీ ఇంటింటికీ మట్టి ప్రతిమ పంచింది. పర్యావరణ హితం. లోపల గోంగూర గింజలు. నిమజ్జనం చేసిన మట్టిని కుండీలో వేస్తే మొక్క వస్తుందని, అందరూ ఫోటోలు కూడా దిగారు. నాకు ఆ రోజున ఒంట్లో బాగాలేక పూజ చేయలేదు. నా ప్రతిమ ఇంకా పూజ గదిలోనే ఉంది. మిగిలినవన్నీ ఏమయ్యాయో ఇప్పుడు బకెట్లో కనబడుతోంది.

"ఈ మట్టి యుటిలిటీలోకి ఎలా వచ్చిందండీ?" అన్నాను.

సీతారామాంజనేయులు గారు కళ్లజోడు తీశారు.

"నన్నడగండి, నేను చెబుతాను," అంది రత్నమాల. వారం రోజుల అంట్లు ఆమె గొంతులో ఉన్నాయి. "కుండీలో వేద్దామంటే బాల్కనీల్లో కుండీలు పెట్టకూడదు, ఎలివేషన్, అదే భవనం ముందరి అందం, పాడవుతుందన్నారు. కింద పచ్చికలో పోసేద్దామంటే కొత్త లాన్ అన్నారు. బాత్‌రూములో పోస్తే పాపం. పూజ చేసిన నీళ్లు తొక్కుడులో పడకూడదు, వంటింటి వైపు శుభ్రంగా ఉంటుంది, అందరూ బకెట్లో కలిపి యుటిలిటీలో పోయండి అని చెప్పింది ఎవరండీ? మీరు కాదూ!"

"నీళ్లు పోయమన్నాను," అన్నారాయన. "మట్టి తేరిన తరువాత పైన నీళ్లు."

"ఆ మాట చెప్పలేదు మీరు."

"అంత మాత్రం తెలియదా?"

ముప్ఫై ఏళ్లు కాలవల్లో పూడిక తీయించిన మనిషి ఆయన. నేను పైకి అనలేదు. అందరూ అనుకుంటున్న మాట నేను అనవలసిన అవసరం లేదు.

అంతలో ఆయనకు ఒక ఆధారం దొరికింది. కనకమ్మ వైపు తిరిగారు. "మా ఇంట్లో బకెట్టు పారబోసింది ఈవిడే కదా? నువ్వే కదూ పోసింది?"

కనకమ్మ మొదటిసారి తల ఎత్తింది. "నేనే పోసిన సారూ. అమ్మ పొయ్యమన్నది, పోసిన. మీ ఇంట్లనే గాదు, పైన ఇంకో రెండిండ్లల్ల గూడ నేనే పోసిన."

"చూశారా!" అన్నారాయన నాతో.

చూశాను. నాకు వచ్చిన కోపం ఆయన మీద కన్నా కనకమ్మ మీదనే ఎక్కువ. "ఈ సంగతి ఆ రోజే నాతో చెప్పవచ్చు కదా! గుడ్డ వేశావన్న నింద మోసుకొని ఎందుకు తిరిగావు?"

"ఏమని చెప్పాలెనమ్మా? గొట్టంల దేవుడు అడ్డం పడ్డడని చెప్తే ఎవలన్న నమ్ముతరా? దేవుని పేరు జెప్పి తప్పిచ్చుకుంటున్నదంటరు. రత్నమాలమ్మ పొయ్యమన్నదని చెప్తే, పనిచ్చిన ఇంటి మీద చాడీ చెప్పిందంటరు. ఏది జెప్పినా నా పనే పోతది. చెప్పకపోయినా పాయె."

సీతారామాంజనేయులు గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "సరే అండీ, పొరపాటు జరిగింది. అందరిదీ. సోమవారం నుంచి యాప్ తెరిపిస్తాను. ఇకపై జాగ్రత్తగా ఉండమని ఒక హెచ్చరిక ఇచ్చి."

"హెచ్చరిక ఎవరికి?"

"ఆవిడకే కదండీ."

అప్పటికి భాస్కర్ మిగిలిన మట్టినీ బకెట్లోకి లాగి, గొట్టంలో నీరు పారించాడు. నేను ఆ బకెట్టును పైకి లాబీలో పెట్టమని భాస్కర్‌తో చెప్పాను.

మా లాబీలో పాలరాతి నేల, కృత్రిమ జలపాతం, కళ్లు చెదిరే పూలకుండీ ఉన్నాయి. వాటి నడుమ, నోటీసు బోర్డు కింద, ఆ బకెట్టు. పక్కన సోఫాలో నేను. ఆదివారం కావడంతో బంధువులు, భోజనాలు తెచ్చే కుర్రవాళ్లు, ఫ్లాట్లు చూడడానికి వచ్చిన వాళ్లు అందరూ ముక్కు మూసుకొని దాటుతున్నారు. ఏమిటది అని అడిగిన ప్రతివారికీ నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కనకమ్మ నా పక్కన నేల మీద కూర్చోబోయింది. సోఫాలో కూర్చోమన్నాను. అతిథి కదా.

సీతారామాంజనేయులు గారు లిఫ్టులోంచి దిగారు, శ్యామ్‌ను వెంటబెట్టుకొని.

"ఆ బకెట్టు తీయించండి లక్ష్మీదేవి గారూ. భవనం పరువు పోతోంది."

"కనకమ్మ పరువు గ్రూపులో పోయింది. అక్కడే తిరిగి రావాలి. మాట పెట్టండి, బకెట్టు తీస్తాను."

"శ్యామ్ పెడతాడండీ."

శ్యామ్ ఫోను తీశాడు. "ఆంటీ, 'మిస్‌అండర్‌స్టాండింగ్ రిజాల్వ్‌డ్' అని పెట్టేయనా?"

"వద్దు. తెలుగులో రాయి. నేను చెబుతాను, నువ్వు రాసుకో. వంటింటి లైనులో అడ్డు పడినది కమిటీ పంచిన వినాయకుల మట్టి. దానిని యుటిలిటీలో పోయమన్నది కమిటీ. కనకమ్మ తప్పు ఏమీ లేదు. విచారించకుండా ఆమె ఫోటో పెట్టినందుకు కమిటీ ఆమెను క్షమాపణ కోరుతున్నది."

"చివరి వాక్యం వద్దండీ," అన్నారు అధ్యక్షుల వారు. "ఆ మాట పెడితే రేపటి నుంచి పనివాళ్లు మనల్ని లెక్కచేయరు."

"చివరి వాక్యం కోసమే ముందున్న మూడు వాక్యాలూ."

ఆయన ఒప్పుకోలేదు. నేను వార్తాపత్రిక తెరిచాను. బకెట్టు తన పని తాను చేసుకుపోయింది. కాసేపటికి రత్నమాల వచ్చి, ముక్కు మూసుకోకుండానే, సోఫాలో నాకు రెండో పక్కన కూర్చుంది.

"నువ్వు ఇక్కడేం చేస్తున్నావు?" అన్నారాయన.

"బకెట్టుకు తోడుగా కూర్చున్నానండీ. మీరు ఆ వాక్యం పెట్టించేదాకా లేవను. మధ్యాహ్నం అంట్లు సింకులో ఉన్నాయి. పీచు కుడి చేతి వైపు ఉంటుంది. పీచు గొట్టంలో పారేయకండి, ఫోటో తీసి గ్రూపులో పెడతారు."

శ్యామ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సీతారామాంజనేయులు గారు భార్యను చూశారు, బకెట్టును చూశారు, ఫ్లాటు చూడడానికి లోపలికి అడుగు పెట్టి గుమ్మంలోనే ఆగిపోయిన ఒక జంటను చూశారు. "పెట్టవయ్యా," అన్నారు. "మొత్తం పెట్టు."

నేను ఫోనులో ఆ నాలుగు వాక్యాలనూ చదివి, ఒక అక్షర దోషం దిద్దించి, తరువాత కనకమ్మకు చదివి వినిపించాను. ఆమె వింటూ కొంగు వదులు చేసుకుంది. "ఫోటో గూడ తీసేసిన్రా?" అని మాత్రం అడిగింది. శ్యామ్ తీసేశాడు.

గేటు దగ్గర నుంచి ఐలయ్య పరుగెత్తుకొచ్చి తన ఫోను ఎత్తి చూపించాడు. "కనకమ్మా, పచ్చగైంది! ఇగ చుట్టానివి గాదు, పనికి పో!"

"రేపు మా ఇంటికి వస్తావు కదూ?" అంది రత్నమాల.

"జూస్తనమ్మా," అంది కనకమ్మ. తొందరపడలేదు. "ముందుగాల లక్ష్మీదేవమ్మ ఇల్లు కడగాలె. ఎవలెవల సాంబారో వారం సంది ఆమె ఇంట్లనే ఉన్నది."

లేచి బకెట్టు పిడి అందుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "సారూ, మరి ఇది యాడ పొయ్యాలె?"

సీతారామాంజనేయులు గారు నోరు తెరిచారు. బాత్‌రూము పాపం, పచ్చిక కొత్తది, కుండీలు నిషిద్ధం. తెరిచిన నోరు మూసుకున్నారు.

ఆ బకెట్టు నా ఇంటికి వచ్చింది. ఆ మట్టి ఇప్పుడు నా బాల్కనీలో నాలుగు కుండీలలో, రోడ్డు మీది వాళ్లకు కూడా కనబడేటట్టు ఉంది. గోంగూర జానెడు ఎదిగింది. ఎలివేషన్ పాడవుతోందని కమిటీ నుంచి నోటీసు ఇంకా రాలేదు. వస్తే విచారణ పెట్టమంటాను.